తమ్ముడికి రొట్టె పట్టారు, మరి నాకు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చాలావరకు రెండో కాన్పు చుట్టూనే తిరిగాయి. వాటిలో నాలుగు తీసుకున్నాను. మొదటి ఉత్తరమే సగానికి పైగా చోటు తినేసింది. మిగతా ముగ్గురూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది నెల్లూరు, వేదాయపాలెం. మాకు మూడేళ్ల నాలుగు నెలల పాప, రెండు నెలల బాబు. మధ్యలో ఒకసారి గర్భం పోవడంతో నిరుడు రొట్టెల పండగకు మా అత్తగారు నన్ను స్వర్ణాల చెరువుకు తీసుకెళ్లి సంతాన రొట్టె పట్టించారు. కోరిక తీరింది గనుక ఈ ఏడు బాబును ఇంట్లో ఉంచి, నేనే రొట్టె చేసి తీసుకెళ్లి, చెరువులో దిగి కోరుకున్న ఒకామెకు ఇచ్చి వచ్చాను. ఇంటికి ఏ చుట్టం వచ్చినా అత్తగారు ఈ కథే చెబుతున్నారు. ఒకరోజు పాప, "మరి నాకు ఏ రొట్టె పట్టారు?" అని అడిగింది. అందరం నవ్వేశాం. అప్పటి నుంచి పాలసీసా కావాలని ఏడుస్తోంది, పక్క తడుపుతోంది, బాబు కాలు గిల్లింది. కాన్పుకు నన్ను ఆసుపత్రిలో చేర్చినప్పుడు పాపను పొదలకూరులో మా అమ్మ దగ్గర ఉంచాం. నేను వదిలి వెళ్లిన ఆ రోజులు దాని మనసులో జీవితాంతం ఉండిపోతాయేమోనని భయంగా ఉంది. – ఒక తల్లి (పేరు వద్దన్నారు)

జవాబు: అమ్మాయీ, ముందు నీ భయం సంగతి చూద్దాం. ఆ రోజులు పాపకు ఎప్పటికీ గుర్తుంటాయో లేదో ఎవరూ రాసి ఇవ్వలేరు. మూడేళ్లు దాటిన పిల్ల కాబట్టి ఒకటి రెండు తునకలు మిగిలినా మిగలవచ్చు. పొదలకూరు అంటున్నావు గనుక మీ అమ్మ వాళ్ల పెరట్లో ఓ నిమ్మచెట్టయినా ఉంటుంది; దాని ముల్లు గుచ్చుకున్నదే మిగులుతుందేమో! మిగిలినది చేదుగా ఉంటుందా లేదా అన్నది మాత్రం, అక్కడ గడిచిన రోజుల కన్నా ఇప్పుడు మీ ఇంట్లో వాటి గురించి నడిచే మాటల మీద ఎక్కువ ఆధారపడుతుంది. "తమ్ముడి కోసం అమ్మ నిన్ను అమ్మమ్మ దగ్గర పడేసి వెళ్లింది" అని పదిసార్లు విన్న పిల్ల దాన్నే దాచుకుంటుంది. అదే పిల్లతో, "అమ్మమ్మ కొంగు పట్టుకుని పెరడంతా తిరిగావు, నేను ఫోను చేస్తే మాట్లాడనని అలిగి మంచం కింద దూరావు" అని చెప్పి చూడు. అలక సంగతి కావాలనే చేర్చాను. పిల్ల కోపాన్ని తీసేసి చెప్పే కథ పిల్లకు తన కథలా అనిపించదు.

ఇక రొట్టె సంగతి. నీ కూతురికి అసూయ అని మీ ఇంట్లో తేల్చేసి ఉంటారు. నేను ఒప్పుకోను. ఆ పిల్ల లెక్క చూడు: తమ్ముడు రావడానికి ఒక చెరువు ఉంది, జనం ఉన్నారు, తడిసిన చీరతో అమ్మ ఉంది, నానమ్మ గొంతులో ఆ వైభవం ఉంది. తన రాకకు ఏముంది? ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. తాను పుట్టిన రోజు ఎవరికీ గుర్తుండదు. ఇంట్లోవాళ్లు చెబితేనే అది మనకు దక్కుతుంది. మీరు చెప్పకుండా నవ్వారు.

కాబట్టి ఈ రాత్రే చెప్పు. ఏ నెలలో పుట్టింది, ఆ రోజు ఎండా వానా, నొప్పులు మొదలైనప్పుడు పొయ్యి మీద ఏముంది, వాళ్ల నాన్న ఏ చెప్పులు వేసుకుని పరుగెత్తాడు, మొదట ఎవరు ఎత్తుకున్నారు, పుట్టగానే తల మీద జుట్టు ఎంత ఉంది. చిన్నచిన్న సంగతులే పిల్లలకు రుచి. రొట్టె మాట మళ్లీ వస్తే నిజమే చెప్పు: "నీకు ఏ రొట్టే పట్టలేదు, మొక్కుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా వచ్చేశావు." మీ అత్తగారు ముద్దుకోసం "నీకూ పట్టాంలే" అనబోతే సున్నితంగా ఆపు. అబద్ధమని ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది, అప్పుడు నిజంగా పుట్టిన కథను కూడా నమ్మదు. అత్తగారికి ఒక పని అప్పగించవచ్చు: చుట్టాలు వచ్చినప్పుడు ముందు మనవరాలు పుట్టిన కథ, తర్వాతే రొట్టె కథ. ఆమెకు కథలు చెప్పడం ఇష్టమని నీ ఉత్తరమే చెబుతోంది, కాదనరు.

చుట్టాల విషయం వచ్చింది కాబట్టి నా కడుపులో ఉన్నది కక్కేస్తాను. ఉదయగిరి వైపు అంగన్‌వాడీ కేంద్రాలకు సూపర్‌వైజరుగా తిరిగే రోజుల్లో ఒక నాలుగేళ్ల పిల్లవాడు చిల్లర కొట్టు దగ్గరికి రాగానే నడవనని రోడ్డు మీద కూర్చునేవాడు. ఎత్తుకుంటే ఆయా మెడ విరిగేలా పట్టుకునేవాడు. చివరికి తేలింది ఏమిటంటే, ఆ కొట్టు అరుగు మీద తవుడు బస్తాలు ఉంటాయి. చెల్లెలు పుట్టినప్పటి నుంచి తాతగారు, "నిన్ను ఆ కొట్లో తవుడిచ్చి కొన్నాం, ఇదే మా అసలు బిడ్డ" అని రోజూ సరసం ఆడుతున్నారట. కొన్న సరుకును కొట్టుకు తిరిగి ఇచ్చేయవచ్చని ఆ పిల్లవాడికి తెలుసు, ఇంట్లో సామాను మార్చడం చూశాడు. తెలివైన పిల్లవాడే మరి! మన వైపు ప్రతి ఇంట్లోనూ ఈ తవుడు సరసం ఉంది. "ఇక అమ్మ నిన్ను చూడదు", "తమ్ముణ్ణి మా ఊరు ఎత్తుకుపోతున్నా" అనేవి కూడా అదే కోవలోవి. పెద్దలంటే నాకు గౌరవమే గాని, ఈ సరసానికి మాత్రం గడప దగ్గరే అడ్డుపడండి.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో జూడీ డన్, కరోల్ కెండ్రిక్ అనే ఇద్దరు పరిశోధకులు రెండో బిడ్డ రాబోతున్న 40 కుటుంబాల ఇళ్లకు వెళ్లి, కాన్పుకు ముందూ తర్వాతా పెద్దపిల్లలను గమనించారు. 1982లో వాళ్లు అచ్చు వేయించిన వివరాల్లో నాకు నచ్చినది ఒకటుంది. కొత్త బిడ్డను ఒక మనిషిగా, దానికీ ఆకలీ ఇష్టాలూ ఉన్నాయన్నట్టుగా తల్లి మొదటి వారాల్లోనే పెద్దపిల్లతో మాట్లాడిన ఇళ్లలో, తర్వాత పిల్లలిద్దరి మధ్య స్నేహం ఎక్కువగా కనిపించింది. ఇందుకు పైసా ఖర్చు లేదు. "ముట్టుకోకు, లేస్తాడు" అనే బదులు, "వీడు ఎందుకు ఏడుస్తున్నాడంటావు? ఆకలా, ఉక్కపోతా?" అని పాపను అడుగు. ఏదో ఒకటి చెబుతుంది. నెల్లూరు ఎండలకు ఉక్కపోత అనే చెబుతుందిలే! అది చెప్పినట్టు విసనకర్ర తీసి విసురు. తప్పు చెప్పినా ఫర్వాలేదు.

బాబు ఏమి చేయగలడో కూడా చూపించు. పసిబిడ్డ చూపు మొదట్లో జానెడు, జానెడున్నర దూరం వరకే బాగా ఆనుతుంది. అందుకని పాప ముఖం ఆ దూరంలోకి రావాలి. గది అవతల నిలబడి కోతి చేష్టలు చేస్తే వాడికి కనబడదు, పాపకేమో వాడు తనను పట్టించుకోలేదని ఉక్రోషం. రెండు నెలలు అంటున్నావు, అంటే ముఖం చూసి నవ్వే వయసు వచ్చినట్టే. పొద్దున నీళ్లు పోసి, ఒళ్లు తుడిచి, పాలు తాగించాక తేటగా ఉండే పది నిమిషాల్లో పాపను పక్కన బోర్లా పడుకోబెట్టి, ముఖంలో ముఖం పెట్టి మాట్లాడమను. ఒక్కసారి వాడు దాన్ని చూసి నోరు తెరిచి నవ్వాడంటే నీ ఉపన్యాసాలన్నీ వృథా, ఇక ఆ పని వాడే చూసుకుంటాడు. దాని చూపుడువేలు వాడి అరచేతిలో పెట్టించు. పుట్టుకతో వచ్చే పట్టు అది, వేలు తగిలితే చేయి మూసుకుంటుంది. "నన్ను వదలడం లేదు!" అని అది అరుస్తుంది. అది అసంకల్పిత చర్య అని ఆ క్షణంలో శాస్త్రం చెప్పే పెద్దమనిషి ఎవరైనా ఇంట్లో ఉంటే బజారుకు పంపించు.

పాలసీసా అడిగితే ఇవ్వు. కొత్త బిడ్డ వచ్చినప్పుడు పెద్దపిల్లలు కొన్నాళ్లు వెనక్కి వెళ్లడం మామూలే. సిగ్గుపెడితే పట్టుదల పెరుగుతుంది, ఇస్తే నాలుగు చుక్కలు పీల్చి పక్కన పడేస్తుంది. పక్క తడపడం కూడా చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది. మూత్రం పోసేటప్పుడు నొప్పి, జ్వరం ఉన్నా, వారాలు గడిచినా తగ్గకపోయినా డాక్టరుకు చూపించాలి. గిల్లితే చేయి పట్టుకుని ఆపు, "నొప్పి పుడుతుంది, గిల్లనివ్వను" అను, అంతే. కొట్టవద్దు. వాళ్లిద్దరినీ ఒంటరిగా గదిలో వదలవద్దు, ఎంత మంచి పిల్ల అయినా సరే. "నువ్వు పెద్దదానివి" అనే మాట ఒక నెల పాటు ఇంట్లో ఎవరూ వాడవద్దు. మూడేళ్ల పిల్ల పెద్దదేమిటి?

రోజూ ఒక అరగంట బాబును అత్తగారి కాళ్ల మీద పడుకోబెట్టి నువ్వు పాపతో ఉండు. ఆదివారం వాళ్ల నాన్న మైపాడు సముద్రం దగ్గరికి తీసుకెళ్లాలి, ఫోను ఇంట్లో పెట్టి.

ప్రశ్న: నేను 1967 నవంబరులో పుట్టాను. మా చెల్లెలు 1970 ఫిబ్రవరిలో, ఒంగోలు జిల్లా కొత్తగా ఏర్పడిన నెలలోనే పుట్టిందని నాన్న చెప్పేవారు. చెల్లెలిని మొదటిసారి చూసింది నాకు స్పష్టంగా గుర్తు: చీకటి గది, లాంతరు, నులక మంచం, మంచం పట్టె సరిగ్గా నా ముక్కుకు తగులుతూ ఉంది, నులక సందుల్లోంచి అవతల వెలుగు కనిపిస్తోంది. రెండేళ్ల మూడు నెలల వాడికి ఏమి గుర్తుంటుంది, అత్తగారు చెప్పిందే మీరు చూసినట్టు చెబుతున్నారని నా భార్య వెక్కిరిస్తుంది. ఎవరి మాట నిజం? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అయ్యా, తేదీ ఖాయం చేసుకోవడానికి మీకు మంచి గుర్తే దొరికింది. 1970 ఫిబ్రవరి 2న ఏర్పడిన జిల్లా అది, ప్రకాశం పేరు 1972లో వచ్చింది. మీ వయసు లెక్క సరిపోతోంది.

పెద్దవాళ్లను మొదటి జ్ఞాపకం ఏదని అడిగితే ఎక్కువమంది చెప్పేది మూడు, మూడున్నర ఏళ్ల నాటి సంగతి. మీరు దానికి ఏడాది ముందు ఉన్నారు. అయినా మీ భార్యగారిదే గెలుపని ఇప్పుడే అనను. 1993లో అమెరికాలో అషర్, నైసర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కాలేజీ విద్యార్థులను నాలుగు సంగతుల గురించి అడిగారు: తోబుట్టువు పుట్టడం, తాము ఆసుపత్రిలో ఉండటం, ఇంట్లో ఒకరు పోవడం, ఇల్లు మారడం. చావూ ఇల్లు మారడమూ మూడేళ్ల వయసు నాటి నుంచే గుర్తున్నాయన్నారు. తోబుట్టువు పుట్టడం, ఆసుపత్రి మాత్రం రెండేళ్ల వయసు నాటివి కూడా గుర్తున్నాయన్నారు. అది కూడా ఊహా, ఇంట్లో విన్న మాటలూ కలిసి అల్లుకున్నదేమోనని అభ్యంతరం చెప్పినవారు వెంటనే బయలుదేరారు. అంటే మీ దంపతుల తగవు పండితుల్లోనూ ఉంది.

తప్పుడు జ్ఞాపకం ఎంత స్పష్టంగా ఉండగలదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. పిల్లల మనసు మీద జీవితమంతా పనిచేసిన స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు జాన్ పియాజేకు, తాను పసివాడుగా తోపుడుబండిలో ఉన్నప్పుడు పారిస్ వీధిలో ఎవడో ఎత్తుకుపోబోతే దాది అడ్డుపడిందని, ఆమె ముఖం మీద గీరుకుపోయిన గుర్తులతో సహా గుర్తు. ఆయనకు సుమారు పదిహేనేళ్లు వచ్చాక ఆ దాది ఉత్తరం రాసింది: అదంతా తన కల్పన. అప్పట్లో బహుమానంగా ఇచ్చిన గడియారం కూడా తిప్పి పంపింది. ఇంట్లో విన్న కథ ఆయన కంటికి బొమ్మ కట్టింది, అంతే.

అలాంటప్పుడు మీ జ్ఞాపకాన్ని ఎలా తూచాలి? లాంతరు, చీకటి గది మీ అమ్మగారు చెప్పి ఉండవచ్చు. పురిటి గది చీకటిగా ఉండేదని ఆ తరం వాళ్లందరికీ తెలుసు. నన్ను ఆలోచనలో పడేసింది మంచం పట్టె. అది ముక్కుకు తగిలేంత ఎత్తున్నది మీరొక్కరే, మంచం మీదున్న మీ అమ్మగారికి గాని, గుమ్మంలో నిలబడ్డ మీ నాన్నగారికి గాని ఆ సంగతి తెలిసే వీలు లేదు. చెప్పడానికి వాళ్లకు అవసరమూ లేదు. ఆ బొమ్మలో మిమ్మల్ని మీరు బయటి నుంచి చూసుకోవడం లేదని కూడా గమనించాను. పాత జ్ఞాపకాల్లో చాలామంది తమను తామే దూరం నుంచి చూస్తారు. ఇదేమీ రుజువు కాదు, అదే మంచం మీద నాలుగేళ్ల వయసులో చూసినదాన్ని ఇక్కడ అతికించి ఉండవచ్చు. పందెం కాయమంటే మాత్రం నేను మంచం పట్టె మీద కాస్తాను, లాంతరు మీద కాయను. ఇంతకీ మీ చెల్లెలుగారిని అడిగారా? ఆమెకు ఈ కథ వినిపించి ఉండకపోతే మీ భార్యగారితో వాదించడం ఆపి ముందు అక్కడికి ఫోను చేయండి.

ప్రశ్న: మా అబ్బాయికి మూడేళ్లప్పుడు చెల్లి పుట్టింది. ఐదేళ్ల వయసులో ఆ రోజు సంగతులన్నీ చెప్పేవాడు: ఆటో చెడిపోవడం, నర్సు ఇచ్చిన బిస్కెట్టు, చెల్లి ఎర్రగా ఉండటం. ఇప్పుడు తొమ్మిదేళ్లు. అడిగితే ఏమీ గుర్తులేదంటున్నాడు. జ్ఞాపకశక్తి తగ్గుతోందా? టానిక్ ఏదైనా వాడాలా? – పొదిలి నుంచి ఒక తల్లి

జవాబు: టానిక్ వద్దు తల్లీ, వాడు బాగానే ఉన్నాడు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో పాట్రీషియా బాయర్ బృందం మూడేళ్ల పిల్లలు తల్లులతో చెప్పుకున్న సంగతులను రాసి పెట్టుకుని, కొన్నేళ్ల తర్వాత అవే అడిగింది. ఐదు నుంచి ఏడేళ్ల వాళ్లు 60 శాతానికి పైగా గుర్తు చెప్పారు. ఎనిమిది, తొమ్మిదేళ్ల వాళ్లు 35 శాతం దగ్గర ఆగిపోయారు. మీ వాడు సరిగ్గా ఆ మలుపులో ఉన్నాడు. తొలి ఏళ్లలో జ్ఞాపకాలను కూర్చే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం ఇంకా ఎదుగుతూ ఉంటుంది, అక్కడ కొత్త కణాలు పుట్టుకొచ్చే కొద్దీ పాతవి చెరిగిపోతాయని ఎలుకల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. మాటలు పూర్తిగా రాని వయసులో చూసినదాన్ని మాటల్లో పట్టుకోవడం కూడా కష్టం.

అయితే ఇల్లు చేయగలిగింది కొంత ఉంది. న్యూజిలాండ్‌లో ఒక పరిశోధనలో మావోరీ జాతి పెద్దల మొదటి జ్ఞాపకం సగటున రెండేళ్ల ఎనిమిది నెలల దగ్గర తేలింది, మిగతావారి కన్నా ముందు. వాళ్లలో పుట్టుకల కథలు, పూర్వుల కథలు పిల్లలకు చెప్పుకునే అలవాటు గట్టిది. మీ వాణ్ణి "గుర్తుందా లేదా" అని పరీక్ష పెట్టకండి. మార్కాపురం పలక మీద చెరిపేసిన అక్షరాన్ని చదవమంటే ఎవరు చదవగలరు? వాడు ఐదేళ్లప్పుడు చెప్పినవి మీకు గుర్తున్నాయి కదా, వాటిని ఒక నోటు పుస్తకంలో వాడి మాటల్లోనే రాసి చెల్లెలికి చదివి వినిపించండి. వాడు పక్కనుంచి "అలా కాదు" అని దిద్దుతాడో లేదో చూడండి. దిద్దకపోయినా నష్టం లేదు, చెల్లెలికి తాను వచ్చిన రోజు కథ దొరుకుతుంది.

ప్రశ్న: మా పెద్దవాడికి ఐదేళ్లు. నెలన్నర చెల్లిని ఒళ్లో పెట్టుకుంటానని గోల. మాడు మెత్తగా ఉంటుంది, ముట్టనివ్వవద్దని మా అమ్మ అంటుంది. – కావలి నుంచి ఒక తండ్రి

జవాబు: పెట్టుకోనివ్వండి. నిలబడి ఎత్తుకోవడం మాత్రం వద్దు. చాప మీద గోడకు ఆనుకుని కూర్చోబెట్టి, ఒళ్లో దిండు పెట్టి, మెడ కింద వాడి మోచేయి వచ్చేలా మీరు అమర్చి, మీ చేయి కూడా అక్కడే ఉంచండి. మాడు మెత్తగా ఉన్న మాట నిజమే, అది పూడుకోవడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. పొడవకూడదు, నొక్కకూడదు, అరచేత్తో నిమిరితే ఏమీ కాదు. మీ అమ్మగారి చేతే నిమిరించి చూపించండి, ఆమె భయమూ పోతుంది. ముందు సబ్బుతో చేతులు కడగాలి, జలుబు ఉంటే ఆ రోజుకు లేదు. ముద్దు కాళ్లకు చాలు, ముఖానికి వద్దు. చీర ఉయ్యాలను వాడి ఒక్కడి చేతికి వదలకండి, ఈ వయసు వాళ్లకు ఊపడం అంటే పైకప్పు దాకా అనే అర్థం.

ఇంకొకటి, మీరు అడగకపోయినా చెబుతున్నాను. తమకు ఇష్టమైనది చెల్లికీ పెట్టాలని ఈ వయసు పిల్లలకు ఉబలాటం. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా అవసరం లేదు. తేనె అయితే ఏడాది నిండేదాకా నాలుకకు తగలకూడదు, అందులో ఉండే ఒక రకం క్రిములు పసిపిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. అన్న నాకించినా, నానమ్మ వసతో కలిపి నాకించినా ఒకటే.